ఒకే కీబోర్డు – అనేక భాషలు



మన హాస్టల్లో ఎక్కువమందిమి తెలుగు మీడియం వాళ్ళం. కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు చూడగానే, అది ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళదే అనుకొని వెనకాడుతుంటాం. ఆ భయం అక్కర్లేదు. ఎందుకో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ట్యాబ్‌కు బ్లూటూత్ ద్వారా గానీ, కేబుల్‌తో గానీ విడి కీబోర్డు కలుపుతాం. మనం మీట నొక్కినప్పుడు కీబోర్డు ఏ మీట నొక్కామో తెలిపే సంఖ్యను మాత్రమే పంపుతుంది. ఆ సంఖ్యకు ఏ అక్షరం చూపాలో ట్యాబ్‌లోని సాఫ్ట్‌వేర్ నిర్ణయిస్తుంది. కాబట్టి ఒకే కీబోర్డుతో ఎన్ని భాషలైనా టైపు చేయవచ్చు.

చైనీస్ భాషనే చూడండి. దానిలో వేల అక్షరాలున్నాయి. అన్ని మీటలు పెట్టడం సాధ్యం కాదు. అందుకే చైనాలో చాలామంది 1958లో ఆమోదించిన ‘పిన్‌యిన్’ పద్ధతిలో, ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాలతో కొడతారు. ఎం, ఎ కొడితే ‘మా’ అనే ధ్వని గల అక్షరాలు వరుసగా కనిపిస్తాయి. ఒకదానికి అమ్మ అని అర్థం, మరొకదానికి గుర్రం. కావలసినదాన్ని అంకె నొక్కి ఎంచుకుంటారు. ఉచ్చారణతో పనిలేకుండా అక్షరం ఆకారాన్ని బట్టి కొట్టే ‘ఊబీ’ పద్ధతిని వాంగ్ యోంగ్‌మిన్ 1983లో రూపొందించారు.

కొరియన్‌లో హల్లులు ఎడమవైపు, అచ్చులు కుడివైపు ఉంటాయి. వరుసగా కొడితే అవే కలిసి ఒక అక్షరమవుతాయి.

మన తెలుగుకు ‘ఇన్‌స్క్రిప్ట్’ పద్ధతి ఉంది. భారత ప్రమాణాల సంస్థ 1991 ప్రమాణంలో దీనికి చోటిచ్చింది. ఇందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమవైపు, హల్లులు ఎక్కువగా కుడివైపు ఉంటాయి. హిందీ, కన్నడంలోనూ ‘క’ అదే ‘కె’ మీట మీద ఉంటుంది. ఒక భాషలో నేర్చుకుంటే మిగిలినవి సులువు.

అభ్యాసం:

1. పలక – హెచ్, ఎన్, కె.
2. కాకి – కె, ఇ, కె, ఎఫ్.
3. అమ్మ – షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి. రెండు హల్లుల మధ్య ‘డి’ నొక్కితే వత్తు వస్తుంది.

ముందుగా ట్యాబ్ సెట్టింగ్స్‌లో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును చేర్చుకోవాలి. అది లేకపోతే ఆ సదుపాయం గల యాప్ వేసుకోవాలి.

రోజుకు పావుగంట సాధన చేద్దాం. స్కాలర్‌షిప్ అర్జీ అయినా, ఊరి సమస్యపై వినతిపత్రమైనా డీటీపీ సెంటరుకు డబ్బు పోయకుండా మన భాషలో మనమే రాసుకోగలం. నేర్చుకున్నవారు పక్కవారికి తప్పక నేర్పండి.