ఆకాశం నుంచి పడిన ఇనుము

రాత్రిపూట చుక్క తెగిపడటం అందరూ చూసే ఉంటారు. నిజానికి అది చుక్క కాదు. ఆకాశంలో తిరిగే రాయి. గాలిలో దూసుకొస్తూ మండుతుంది. కాలగా మిగిలి నేల మీద పడిన దాన్ని ఉల్కాశిల అంటారు. కొన్ని ఉల్కాశిలలు రాతివి. కొన్ని ఇనుపవి.

1751 మే 26 సాయంత్రం. యూరపులోని క్రొయేషియాలో హ్రాష్చినా అనే పల్లె దగ్గర ఆకాశంలో నిప్పుబంతి కనబడింది. పెద్ద చప్పుడయింది. రెండు ఇనుప ముద్దలు నేలలో దిగబడ్డాయి. పెద్దది సుమారు 39 కిలోలు. చర్చి పెద్దలు ఏడుగురు సాక్షులను విచారించారు. వాళ్ళు చూసింది చూసినట్టు చెప్పారు. ఆ ముద్దను, సాక్ష్యాలను వియన్నా నగరానికి పంపారు.

కాని పండితులు నమ్మలేదు. పల్లెజనం కట్టుకథ అనుకున్నారు. 1803లో ఫ్రాన్సులో లేగల్ ఊరి దగ్గర వేల రాళ్ళు పడ్డాయి. అప్పుడు గాని నమ్మకం కుదరలేదు.

1808లో వియన్నాలో విడ్మాన్‌స్టేటెన్ అనే ఆయన హ్రాష్చినా ఇనుప పలకను నునుపు చేసి, మంట మీద కాచాడు. పలక మీద చాప అల్లికలాంటి చారలు తేలాయి.

ఆ చారలు ఏమిటి? ఇనుములో నికెల్ అనే లోహం కలిసి ఉంది. దానివల్ల రెండు ఖనిజాలు ఏర్పడ్డాయి. వాటిని ఇలా గుర్తుపడతారు. పలకను అద్దంలా సానబెడతారు. నీరు కలిపిన నత్రికామ్లం పూస్తారు. సూక్ష్మదర్శిని కింద పెట్టి, పై నుంచి వెలుతురు వేసి చూస్తారు.

వెడల్పు పట్టీలు కామసైట్. ఇందులో నికెల్ నూటికి 5 నుంచి 7 పాళ్ళు. ఆమ్లం దీన్ని తింటుంది. అందుకే మసకబారుతుంది.

పట్టీల అంచున మెరిసే సన్నగీతలు టీనైట్. ఇందులో నికెల్ నూటికి 20 పాళ్ళకు పైనే. ఆమ్లం దీన్ని అంతగా తినలేదు.

ఆ ముద్ద చల్లారడానికి లక్షల ఏళ్ళు పట్టింది. అందుకే పట్టీలు అంత పెరిగాయి. కొలిమి ఇనుము గంటల్లో చల్లారుతుంది. ఏ కమ్మరీ ఈ చారలు తేలేడు.

అయస్కాంతానికి అంటుకున్నదల్లా ఉల్కాశిల కాదు. కొలిమి చిట్టెం కూడా అంటుకుంటుంది. కొన్ని ఇనుప ఉల్కాశిలల్లో చారలు ఉండవు. అప్పుడు నికెల్ ఎంతుందో కొలవాలి.

హ్రాష్చినా ముద్ద నేటికీ వియన్నా మ్యూజియంలో ఉంది. పల్లెజనం మాట నిజమని ఆ ఇనుమే సాక్ష్యం చెబుతోంది.

జవాబులు చెప్పండి:
1. హ్రాష్చినా జనం మాటను పండితులు ఎందుకు నమ్మలేదు?
2. కామసైట్‌కూ టీనైట్‌కూ తేడా ఏమిటి?
3. కొలిమి ఇనుములో ఈ చారలు ఎందుకు రావు?