డబ్బా కొలత - కాటా తూకం

మన హాస్టల్ మెనూలో బియ్యం, పప్పు, రవ్వ ఒక్కొక్కరికి ఇన్ని గ్రాములని రాసి ఉంటుంది. వంటశాలలో మాత్రం చాలాసార్లు డబ్బాతోనో, గ్లాసుతోనో కొలుస్తారు. ఈ రెండింటికీ మధ్య లెక్క తెలియకపోతే ఎవరూ దొంగిలించకుండానే మన కంచంలో పప్పు పలచబడుతుంది. అందుకే ఆ లెక్క మనమందరం నేర్చుకుందాం.

మన తాతలు గిద్దె, సోల, తవ్వ, మానికలతో కొలిచేవారు. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఇవన్నీ పాత్రలో ఎంత పడుతుందో చెప్పేవే గాని బరువులు కావు. పైగా మానిక ఊరికో తీరుగా ఉండేది. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తర్వాత క్రమంగా దేశమంతటా కిలో, లీటరు వాడుకలోకి వచ్చాయి.

సైన్సు పాఠంలో మనం చదివిన సూత్రమే ఇక్కడ పనికొస్తుంది:

ద్రవ్యరాశి = ఘనపరిమాణం × సాంద్రత

లీటరు నీళ్లు కిలో తూగుతాయి. అందుకని లీటరు డబ్బాలో ఏది పోసినా కిలో అనుకోవడం పొరపాటు. గింజల మధ్య, పిండిలో గాలి ఉంటుంది. నూనె నీటికన్నా తేలిక. లీటరు డబ్బాను తలగొట్టి సమంగా నింపితే సుమారుగా వచ్చే బరువులు ఇవి:

మెత్తటి ఉప్పు - 1200 గ్రాములు
వంటనూనె - 910 గ్రాములు
చక్కెర - 850 గ్రాములు
బియ్యం, కందిపప్పు - 800 నుండి 850 గ్రాములు
బొంబాయి రవ్వ - 700 గ్రాములు
గోధుమపిండి - 500 నుండి 550 గ్రాములు

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. 100 మందికి తలా 30 గ్రాముల కందిపప్పు వేయాలనుకుందాం. మొత్తం 3 కిలోలు కావాలి. లీటరంటే కిలో అనుకుని 3 డబ్బాలు పోస్తే, డబ్బాకు 830 గ్రాముల చొప్పున పడేది 2 కిలోల 490 గ్రాములే. 510 గ్రాములు తక్కువ, అంటే 17 మంది వాటా! రోజూ ఇలాగే జరిగితే 30 రోజులకు 15 కిలోల 300 గ్రాములు. సరిగా వేయాలంటే 3000ను 830తో భాగించాలి. 3.6 డబ్బాలు, అంటే మూడున్నర డబ్బాల మీద మరి కొంచెం పోయాలి.

పై అంకెలు రకాన్నిబట్టి, తేమనుబట్టి కొద్దిగా మారతాయి. పిండిని అదిమి నింపితే ఎక్కువ, జల్లించి పోస్తే తక్కువ పడుతుంది. కాబట్టి మన డబ్బాకు మన లెక్క మనమే కట్టుకోవడం మేలు.

1. ఖాళీ డబ్బాను కాటా మీద తూచి రాసుకోవాలి.
2. సరుకు నింపి, పైన చేత్తో సమం చేసి మళ్లీ తూచాలి.
3. రెండింటి తేడాయే సరుకు బరువు. మూడుసార్లు తూచి సగటు తీయాలి.
4. ఆ అంకెను వంటశాల గోడమీద అందరికీ కనబడేలా రాయాలి. కొత్త బస్తా విప్పినప్పుడల్లా సరిచూడాలి.

ఇది ఎవరినీ అనుమానించడానికి కాదు. వంట అన్నకు పని సులువవుతుంది, వార్డెన్ గారికి స్టాకు లెక్క సరిపోతుంది, చివరి వరుసలో కూర్చున్న తమ్ముడికి కూడా గట్టి పప్పు అందుతుంది. మెస్ కమిటీ మిత్రులారా! సరుకు స్టోర్ రూం నుండి ఇచ్చేటప్పుడే కాటా దగ్గర నిలబడదాం. మనం చదివిన పాఠం మన కంచం దాకా రావాలి.