అడుగులు పడ్డాకే అరిసెలు

సందేహాలు - సమాధానాలు: ఏడాది నుంచి మూడేళ్ళ పిల్లలు

ఈ నెల సంచీలో జ్వరాలు, విరేచనాల ఉత్తరాలు తక్కువ. తిరుపతి మొక్కులు, పుట్టినరోజులు, భోగిపళ్ళు, ఊరి ప్రయాణాలే ఎక్కువ. ఆ మాటకొస్తే ఆస్పత్రిలో నా గదికొచ్చే కేసుల్లో చాలా వాటికి ముందురోజు ఇంట్లో ఏదో ఒక వేడుక జరిగే ఉంటుంది. అందుకని ఈసారి వాటికే జవాబులు.

*

*మా మనవడికి పద్నాలుగో నెల. గోడ పట్టుకుని పక్కకు జరుగుతాడు కానీ చెయ్యి వదిలితే చతికిలబడతాడు. పక్కింటి పాప పదో నెలకే నడిచింది. వచ్చే నెల వియ్యాలవారు వస్తున్నారు, అడుగుల వేడుక అప్పుడే పెట్టుకుందామంటున్నారు. ఈలోగా నడక రావాలని అల్లుడు వాకర్ కొంటానంటున్నాడు. కొనమంటారా?*
- ఒక అమ్మమ్మ, తెనాలి

అమ్మమ్మగారూ, వాకర్ వద్దు. ఉయ్యాల్లో కూర్చోబెట్టినట్టు గుడ్డసీటులో కూర్చోబెట్టి చక్రాల మీద వదిలేస్తే, పిల్లవాడు కాలివేళ్ళతో నేలను తన్నుకుంటూ దొర్లుతాడు. బరువు మోసేది సీటు, కాళ్ళు కావు. పైగా చుట్టూ ఉన్న బల్ల అడ్డమొచ్చి తన పాదాలు తనకే కనపడవు. నడక నేర్పకపోగా మెట్ల మీదికీ పొయ్యి దగ్గరికీ మాత్రం రెండు క్షణాల్లో చేరుస్తుంది. కెనడా ప్రభుత్వం 2004లో దీని అమ్మకాన్నే నిషేధించింది. తిరునాళ్ళలో అమ్మే మన మూడు చక్రాల చెక్కబండి సంగతి వేరు. దాన్ని వెనక నిలబడి తోయాలి, బరువంతా కాళ్ళ మీదే పడుతుంది. కొనాలనే ఉంటే అల్లుడుగారిని అది కొనమనండి. తోసేటప్పుడు పక్కన ఒకరుండాలి.

ఇక వయసు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనదేశంతో సహా ఐదు దేశాల పిల్లల కదలికలను గమనించి 2006లో లెక్కలు ప్రకటించింది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఏ ఆసరా లేకుండా నడిచిన వయసు 8.2 నెలల నుంచి 17.6 నెలల వరకూ ఉంది. పక్కింటి పాపా అందులోనే ఉంది, మీ మనవడూ అందులోనే ఉన్నాడు. ఆ పిల్లల్లో నూటికి నలుగురు అసలు చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే నడకలో పడ్డారు. మీవాడు గోడ వెంబడి పక్కకు జరుగుతున్నాడంటే నడకకు ముందు మెట్టు మీద ఉన్నట్టే. ఇంట్లో చెప్పులూ సాక్సులూ వేయకుండా వట్టికాళ్ళతో వదలండి, వేళ్ళు నేలను పట్టుకోవడం నేర్చుకుంటాయి. పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే, ఒక కాలో ఒక చెయ్యో మాత్రమే ఎక్కువ వాడుతుంటే, నిన్న చేసిన పని ఇవాళ మరిచిపోతుంటే అప్పుడు డాక్టరుకు చూపించాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకైతే పుట్టాల్సిన తేదీ నుంచి వయసు లెక్కేసుకోండి.

వేడుక తేదీ మాత్రం వియ్యాలవారి రైలు టికెట్టును బట్టి పెట్టకండి. మన పెద్దవాళ్ళు ఈ వరసంతా ఎలా పెట్టారో చూడండి: బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. ఇందులో ఎక్కడా నెల లేదు, తిథి లేదు. పిల్లవాడు చేశాక మనం వండుకోవడమే. అరిసెలకు బియ్యం నానాలి, తడిపిండి కొట్టాలి, పాకం పట్టాలి. ఎంత తొందరపడినా అవి పళ్ళెంలోకి వచ్చేసరికి పిల్లవాడి నడక కాస్త కుదుటపడే ఉంటుంది. మా అమ్మ నా కొడుకు విషయంలో అదే చేసింది. వాడు సోఫా నుంచి బల్ల దాకా నాలుగడుగులు వేసిన సాయంత్రం బియ్యం నానబోసింది. వరసగా పరిచిన అరిసెల మీద వాణ్ణి నడిపిస్తే, మూడో అరిసె దగ్గర ఆగి కూర్చుని కాలికింద దాన్ని తీసి కొరకడం మొదలుపెట్టాడు. ఫోటోలో వాడి వీపే పడింది. మీరూ అంతే చేయండి. వియ్యాలవారు వచ్చినప్పుడు నడక రాకపోతే బొబ్బట్లు పెట్టండి, అవి ఎప్పుడైనా బాగుంటాయి.

*

*మా పాపకు పందొమ్మిది నెలలు. వచ్చే సంక్రాంతికి భోగిపళ్ళు పోస్తున్నాం. నేలమీద పడ్డ వాటిని ఏరి నోట్లో పెట్టుకుంటుందేమోనని నా భయం. అత్తగారు మాత్రం 'మీ ఆయనకు పోయలేదా, ఏమైంది' అంటున్నారు. ఎవరి మాట సరైనది?*
- ఒక కోడలు, భీమవరం

ఇద్దరిదీ. పోయండి, కానీ దోసిట్లో ఏముందో ఒకసారి పళ్ళెంలో పోసి చూడండి. రేగుపళ్ళు, చెరుకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిపూల రేకలు, చిల్లర. పూలరేకలు తప్పిస్తే మిగిలినవన్నీ పందొమ్మిది నెలల పిల్ల గొంతుకు సరిగ్గా అడ్డుపడే కొలతలో ఉన్నవే. ఆ వయసుకు ముందుపళ్ళు ఉంటాయి, కొరకగలదు. నమిలి పిప్పి చేసే వెనకపళ్ళు అప్పుడప్పుడే వస్తుంటాయి. అందుకే వేరుశనగ గింజో శనగ గింజో కొరికి, సగం ముక్కను ఊపిరితో పాటు లోపలికి పీల్చేస్తారు. ముక్కులో దూరిన శనగ గింజ తడికి ఉబ్బి మరీ బిగుసుకుంటుంది.

చాలామంది మరిచిపోయిన సంగతి ఒకటుంది. తలమీద పోసిన భోగిపళ్ళు తినకూడదనే పెద్దలంటారు. అవి దిష్టి తీసినవి, ఎత్తి పారేయాలి. నాకు దిష్టి మీద నమ్మకం ఉన్నా లేకపోయినా ఆ నియమం మీద మాత్రం గొప్ప గౌరవం. మీ అత్తగారికి ఆ మాటే గుర్తుచేయండి, వైద్యం పేరు ఎత్తకుండానే పని అయిపోతుంది. పాపకు పోసే దోసిట్లో పూలరేకలు ఎక్కువ వేసి, రేగుపళ్ళు నాలుగైదు పెద్దవి లెక్కపెట్టి వేయండి. శనగలూ చిల్లరా పేరంటానికొచ్చిన పెద్దపిల్లల చేతుల్లో పెట్టండి. కిందంతా ఒక దుప్పటి పరిచి, హారతి అయిన వెంటనే నాలుగు కొసలూ పట్టి మూట కట్టేయండి. సోఫా కిందికి దొర్లిన ఒక్క గింజ ఎక్కడుందో మీకు తెలియదు, మూడురోజుల తర్వాత పాపకు తెలుస్తుంది.

అయినా గొంతులో పడితే? గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, దగ్గును మించిన మందు లేదు. దగ్గు రాక, ఏడుపు గొంతు దాటక, పెదాలు నీలం తిరుగుతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. ముందుకు వంచి రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు చరచాలి. రాకపోతే వెనకనుంచి పట్టుకుని బొడ్డుకు పైన పిడికిలితో ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కాలి. మళ్ళీ చరచాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఏడాది నిండని పిల్లలకు పొట్ట నొక్కకూడదు. చేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద ఐదు చరుపులు, తిప్పి రొమ్ము మధ్య రెండు వేళ్ళతో ఐదు నొక్కులు. కనపడని వస్తువు కోసం వేలుపెట్టి కెలకకండి, ఇంకా కిందికి పోతుంది. నాణెం మింగితే అరటిపండు తినిపించి తోసేయాలని చూస్తారు, అదీ వద్దు. ఏమీ పెట్టకుండా ఎక్స్‌రేకు తీసుకెళ్ళండి. మింగింది గుండ్రటి చిన్న బ్యాటరీ అని అనుమానం వచ్చినా సరే, తెల్లారేదాకా ఆగకండి. అది రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు.

*

*బాబుకు పదో నెల. తిరుమలలో పుట్టువెంట్రుకలు పదకొండో నెలలో తీయించాలా, మూడో ఏట తీయించాలా? మాడు ఇంకా మెత్తగా ఉంది, కత్తి తగులుతుందేమోనని భయం. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందంటారు, నిజమేనా?*
- ఒక తండ్రి, ఖమ్మం

ముహూర్తం పురోహితుల్ని అడగండి. నన్నడిగితే పదకొండో నెలకే ఓటు. అప్పటికి వాడు ఒళ్ళో పట్టేంతే ఉంటాడు. రెండేళ్ళలోపు పిల్లలకు ఘాట్‌రోడ్డు మలుపుల్లో కడుపు తిప్పడం అరుదు. ఆ వాంతుల గొడవంతా రెండేళ్ళు దాటాకే మొదలవుతుంది. ఏడాదిలోపు బిడ్డతో వచ్చే తల్లిదండ్రులకు దేవస్థానం వేరే ప్రవేశం ఇస్తోంది, జనన ధ్రువపత్రం వెంట ఉంచుకోండి. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరేముందు ఒకసారి కనుక్కోండి. మూడో ఏట అయితే కత్తి చూసి కల్యాణకట్ట అంతా వినపడేలా ఏడుస్తాడు, ఆ మెలికల్లోనే గాట్లు పడతాయి.

మాడు సంగతికి భయం అక్కర్లేదు. చర్మం కింద గట్టి పొర ఉంటుంది, మాడు సామాన్యంగా పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల మధ్య మూసుకుంటుంది. కత్తిలో కొత్త బ్లేడు మీ కళ్ళెదుటే వేయించుకోండి. బాబు నిద్రపోయి లేచి, కడుపు నిండాక తీసుకెళ్ళండి. జుట్టు ఒత్తుగా రావడం వట్టిదే. కుదురు లోపల ఉంటుంది, కత్తి దాని దాకా పోదు. మొద్దుగా తెగిన కొస చేతికి గరుగ్గా తగులుతుంది, అంతే.

*

*సాయంత్రం బాబును స్కూటర్ ముందు నిలబెట్టుకుని ట్యాంక్‌బండ్ దాకా తిప్పుతాను. రెండేళ్ళవాడు, మహా సరదా వాడికి. ప్రమాదమా?*
- ఒక తండ్రి, హైదరాబాద్

ప్రమాదమే. సడెన్ బ్రేక్ వేస్తే మీ ఛాతీకీ హ్యాండిల్‌కూ మధ్య నలిగేది వాడే. సరదా మానమనను, పద్ధతి మార్చమంటాను. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ పిల్లలను బండి మీద తీసుకెళ్ళేటప్పుడు నడిపేవారికి కట్టే బెల్టు, తలకు సరిపోయే హెల్మెట్, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగం తప్పనిసరి అని కేంద్రం 2022లోనే నిబంధన తెచ్చింది, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. అవి కొనేదాకా ట్యాంక్‌బండ్‌కు బస్సులో వెళ్ళండి. రెండేళ్ళవాడికి బస్సు కిటికీ తక్కువ సరదా ఏమీ కాదు.

*

*పాపకు ఇరవై రెండు నెలలు. ఇంట్లో తెలుగు, డేకేర్‌లో ఇంగ్లిష్. 'అమ్మ', 'పాలు', 'నో' తప్ప మాటల్లేవు. రెండు భాషల వల్లే ఇలా అని స్నేహితులు తెలుగు మానేయమంటున్నారు. ఇండియా వచ్చినప్పుడు తాతయ్యతో ఏమీ మాట్లాడలేదని మా నాన్న బాధపడ్డారు.*
- ఒక తల్లి, డాలస్

తెలుగు మానకండమ్మా. రెండు భాషలు వినే పిల్లలకు మాట ఆలస్యం కాదు. లెక్క వేసేటప్పుడు రెండు భాషల మాటలూ కలిపి వేయాలి. 'పాలు' ఒకటి, 'నో' ఒకటి. కానీ అలా కలిపినా మీ పాపకు మూడే వచ్చాయి, ఇరవై రెండో నెలకు అది తక్కువే. రెండేళ్ళకు యాభై దాకా మాటలు, 'అమ్మా రా', 'పాలు కావాలి' లాంటి జంటమాటలు ఉండాలి. కాబట్టి 'మావాళ్ళంతా ఆలస్యంగానే మాట్లాడారు' అని కూర్చోవద్దు.

ముందు వినికిడి పరీక్ష. మాట రాని పిల్లకు చెవి పరీక్ష చేయకుండా ఎవరు ఏ పేరు పెట్టినా నమ్మకండి. తర్వాత మీరే గమనించండి: పేరు పెట్టి పిలిస్తే తిరుగుతుందా? కుక్కనో విమానాన్నో వేలుపెట్టి చూపించి, మీరూ చూశారా లేదా అని మీ ముఖం వంక చూస్తుందా? ఆ రెండో చూపు మూడు మాటలకన్నా విలువైనది. అమెరికాలో మూడేళ్ళలోపు పిల్లలకు ప్రతి రాష్ట్రంలోనూ ఎర్లీ ఇంటర్వెన్షన్ సేవలున్నాయి. పరీక్ష ఉచితం, డాక్టరు చీటీ లేకుండా మీరే ఫోన్ చేయవచ్చు. ఇక్కడి పాఠకులకు జిల్లా కేంద్రాల్లోని డీఈఐసీలు (పిల్లల ఎదుగుదల లోపాలను ముందే గుర్తించే ప్రభుత్వ కేంద్రాలు), సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మాట, వినికిడి లోపాలను చూసే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి.

ఇంట్లో ఫోన్‌లో పాటలు పెట్టి వదిలేయడం ఆపండి. రెండేళ్ళలోపు స్క్రీన్ అసలే వద్దన్నది మన పిల్లల వైద్యుల సంఘం మాట. వీడియో కాల్ మాత్రం మినహాయింపు. తాతయ్యగారిని రోజూ ఒకే వేళకు పిలిచి, పాప తినే ఇడ్లీ గురించే మాట్లాడమనండి. మాటలు రాని పిల్లలు వినడం మానరు.

*

*మొదటి పుట్టినరోజు ఫంక్షన్ హాల్లో రాత్రి ఎనిమిదింటికి పెట్టాం. డీజే మొదలవగానే పాప ఏడుపు, కేకు కోసేదాకా ఆగలేదు. మా పిల్లకు జనమంటే పడదా?*
- ఒక తల్లి, విజయవాడ

జనమంటే కాదు, నిద్రపోయే వేళకు డీజే అంటే పడదు. రెండో ఏడు ఉదయం పది గంటలకు, ఇంట్లో, పదిమందితో చేయండి. పగిలిన బెలూన్ ముక్కలు వెంటనే ఏరేయండి, అవి గొంతుకు అంటుకుంటే తీయడం చాలా కష్టం.

*

*బాబుకు పదహారు నెలలు. టీకా వేయిస్తే జ్వరం వస్తుందేమోనని ఊటీ ప్రయాణం అయ్యాక వేయిద్దామనుకుంటున్నాం. నెల ఆలస్యమైతే ఫరవాలేదా?*
- ఒక తండ్రి, అనంతపురం

ఆలస్యం చేయకండి, ప్రయాణాన్నే కాస్త జరపండి. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య డీపీటీ బూస్టర్, ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా) రెండో డోసు, పోలియో చుక్కలు పడాలి. డీపీటీ జ్వరం వస్తే ఒకటి రెండు రోజుల్లో వచ్చి పోతుంది. ఎం.ఆర్. జ్వరమూ పలచటి దద్దుర్లూ వస్తే ఏడు నుంచి పన్నెండు రోజుల మధ్య వస్తాయి. ఈ లెక్కన టీకా వేయించిన మూడోరోజున బయల్దేరి ఏడోరోజుకు ఇంటికి చేరేలా చూసుకుంటే రెండూ జరుగుతాయి. తట్టు గాలిలో పాకే జబ్బు, జనం కలిసేచోటే అంటుకుంటుంది. కాబట్టి టీకా ముందు, ఊటీ తర్వాత.

ఈ శీర్షిక చదివే మిగతా తల్లిదండ్రులకూ ఒక మనవి. ఇప్పుడే లేచి బీరువాలోంచి టీకా కార్డు తీయండి. పదహారు నెలల గడి ఖాళీగా ఉంటే, మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేసేది బుధవారం, శనివారం. డబ్బు తీసుకోరు.