పెండ్లి విందు బల్లల అలంకారము

చదువవలసిన భాగములు: ఎస్తేరు 1:1-12, యోహాను 2:1-11

ఈ రెండు విందులను ప్రక్కప్రక్కన పెట్టి చదువుడి. షూషను కోటలో అహష్వేరోషు రాజు చేసిన విందునందు తెరల రంగులు, త్రాళ్లు, వెండి ఉంగరములు, నేలను పరచిన రాళ్లు సహా వర్ణింపబడినవి. ఏడవ దినమున ఆ యింటి భార్యాభర్తలే విడిపోవుటకు కారణము కలిగెను. కానా పెండ్లిలోనో, బల్లమీద ఏమి పరచిరో యోహాను ఒక్క మాటయైనను వ్రాయలేదు. ఆరు రాతిబానలు కనబడుచున్నవి; అవియు అలంకారమునకు కాదు, శుద్ధీకరణకు.

అయినను అలంకారము పాపమని మేము చెప్పము. 128వ కీర్తన బల్ల చుట్టునున్న పిల్లలను ఒలీవ మొక్కలతో పోల్చుచున్నది. భోజనపు బల్లయొద్ద పచ్చదనము ఆ భక్తునికి ఇష్టమే కాబోలు.

చిక్కు వేరొకచోట నున్నది. 1893లో లాలాగూడ రైల్వే కార్ఖానా వెలసిన తరువాత దాని చెంతనున్న మెట్టుగూడ రైల్వే కుటుంబములకు నివాసమైనది. అక్కడి బంధువుల పెండ్లికి వెళ్లివచ్చినవారు, ఫంక్షను హాలులోని సాటిను గుడ్డలు, నిలువెత్తు పూలగుత్తులు చూచి, మన పల్లెలోను అట్లే కావలెనని పట్టుపట్టుచున్నారు. ఆ సొంపు మూడు గంటలు నిలుచును. దానికై తెచ్చిన అప్పు మొదటి బిడ్డ బాప్తిస్మమువరకు నిలిచిన గృహములను మేమెరుగుదుము.

బల్లకు తెల్లగుడ్డ చాలును. ఉతికి గంజిపెట్టిన పంచెలు, దుప్పట్లు ఇంటింట అడిగి తెచ్చుకొనుడి. మూలను ఎవరిది వారికి దారముతో గుర్తు కుట్టుడి. లేనియెడల విందు తరువాత సంఘములో వేరొక పంచాయితీ పుట్టును. ఆరడుగుల బల్లకు మూడు స్టీలు గ్లాసులుంచి, సగము నీళ్లు పోసి, నరమామిడి రెమ్మయొకటి, బంతిపూలు నాలుగు అమర్చవలెను. జానెడు ఎత్తు మించరాదు. ఎదుటనున్న వియ్యంకుని ముఖము కనబడవలెను గదా! మల్లెలు ఆ పూటకే వాడును. బంతి, చామంతి మరునాటివరకు నిలుచును. దసరా దినములలో మోండా మార్కెట్టులోనైనను పూల ధర హెచ్చును గనుక అప్పుడు మామిడి, క్రోటను ఆకులనే నమ్ముకొనుడి. ముందటి సాయంకాలము కోసి, తడి గోనెలో చుట్టి నీడనుంచిన అవి వాడవు. గన్నేరు మాత్రము అన్నపు బల్లమీదికి రానియ్యవద్దు. చూపునకు అందమే గాని చెట్టంతయు విషము. షామియానా క్రింద కొవ్వొత్తులును వద్దు.

ఈ పని యౌవనులకు, స్త్రీల సమాజమువారికి అప్పగించిన మంచిది. కానాలో ద్రాక్షారసము ఎక్కడనుండి వచ్చినదో విందు ప్రధానికి తెలియలేదు. నీళ్లు తోడిన పరిచారకులకే తెలిసెను.

విందు ముగియగానే, పెండ్లికి రాలేకపోయిన రోగుల యిండ్లకు అన్నముతోకూడ ఆ పూలును పంపుడి. మిగిలిన నాటు బంతిపూలను చెట్టుననే ముదరనిచ్చి ఎండబెట్టిన విత్తనము దొరకును. విత్తిన రెండు నెలలకు పూయును గనుక, ఈస్టరు తరువాత పెండ్లి పెట్టుకొనువారు ఫిబ్రవరిలోనే గుడి ఆవరణములో విత్తవలెను.