మన పిగిలిపిట్టలు రెండు

జంతుశాస్త్రం చదివే మనకు పాఠ్యపుస్తకంలోని పక్షి కంటె పెరట్లోని పక్షే మంచి గురువు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పిగిలిపిట్టను ఎరగనివారుండరు. తోక అడుగున ఎర్రగా ఉంటుంది కనుక ఇట్టే గుర్తుపడతాం అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

కిందటేడు సీతంపేట కొండల్లో లాంటానా పొద మీద ఒక పిట్ట వాలింది. తోక కింద ఎరుపు కనబడగానే రికార్డులో 'పిగిలిపిట్ట' అని రాసేశాను. మా లెక్చరర్ గారు చూసి, "తల ఎలా ఉందోయ్? గొంతు ఏ రంగు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అసలు సంగతేమిటంటే, ఆ ఎరుపు రెండు జాతులకూ ఉంది.

మొదటిది మన ఊళ్ల పిగిలిపిట్ట, పిక్నోనోటస్ కాఫర్. తల, గొంతు నలుపు. జుట్టు పొట్టి. ఒంటి మీద ఈకల అంచులు పొలుసుల్లా కనిపిస్తాయి. ఎగిరేటప్పుడు తోక మొదట్లో పైన తెలుపు మెరుస్తుంది.

రెండవది ఎర్రచెంపల పిగిలిపిట్ట, పిక్నోనోటస్ జోకోసస్. జుట్టు నిక్కబొడుచుకొని కోసుగా ఉంటుంది. కంటి వెనక ఎర్రని కుచ్చు, చెంప, గొంతు తెలుపు. ఎగిరితే తోక మొదట్లో పైన తెలుపుండదు. పిల్లపిట్టకు చెంప ఎరుపు ఇంకా రాదు. అప్పుడు గొంతు తెలుపే ఆనవాలు.

మొదటిది మైదానాల్లో, తోటల్లో ఎక్కువ. రెండవది తేమగల కొండల్లో, అడవి అంచుల్లో ఎక్కువ. కొండ దిగువన రెండూ ఒకే చెట్టు పళ్లు తింటాయి కనుక చోటును బట్టి కూడా తేల్చలేం.

రెండింటిలోనూ ఆడ, మగ ఒకేలా ఉంటాయి. పొదల్లో గిన్నెలాంటి గూడు కట్టి సాధారణంగా రెండు మూడు గుడ్లు పెడతాయి. "జామపళ్లన్నీ పొడిచేస్తన్నాయిరా" అని మా నాన్న అదిలిస్తుంటాడు. కాని అవే పిట్టలు తమ పిల్లలకు పురుగుల్ని ఏరి మేపుతాయి.

లిన్నేయస్ 1758లో ఎర్రచెంపల దానికి, 1766లో మన ఊరి పిట్టకు పేర్లు పెట్టాడు. రెండవ పక్షి ఆఫ్రికాలోని గుడ్ హోప్ అగ్రానిదనుకొని 'కాఫర్' అన్నాడు. నిజానికది అక్కడి పక్షి కాదు. అంతటివాడి పొరపాటు పేరులో నేటికీ నిలిచే ఉంది.

నా పొరపాటు మాత్రం దిద్దుకున్నాను. మళ్లీ కొండకు వెళ్లి, తల నుంచి తోక దాకా చూసి రాశాను. ఒక్క గుర్తు చూసి జాతిని తేల్చకూడదు. మనుషుల విషయంలోనూ అంతేనేమో!