తాళం వేయని తలుపు

మా ల్యాబ్‌లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "లాగౌట్ చేయకుండా వెళ్ళింది వాడే కదా, మనం చూస్తే తప్పేంటి?" పక్కింటి తలుపు తీసి ఉందని ఎవరమూ లోపలికెళ్ళి బీరువా తెరవం. కంప్యూటర్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఈ లాజిక్ మర్చిపోతాం.

మన ఐటీ చట్టం 2000లో వచ్చింది. దాన్ని చదవడం ఇంగ్లీష్ మీడియం వాడినైన నాకే కష్టమనిపించింది. కానీ సెక్షన్ 43లో ఒక్క మాట మాత్రం వెంటనే అర్థమైంది: అనుమతి. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి వెళ్ళినా, డేటా కాపీ చేసుకున్నా, వైరస్ ఎక్కించినా నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. అవే పనులు మోసపు ఉద్దేశంతో చేస్తే సెక్షన్ 66 వర్తిస్తుంది. 3 ఏళ్ళ వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను మోసంతో వాడితే 66సి ఉంది. పాస్‌వర్డ్ ఎంత ఈజీగా ఉందని ఏ సెక్షనూ అడగదు.

క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ సంగతి వేరే చట్టంలో ఉంది. అది దొంగ కాపీ అని తెలిసి వాడితే కాపీరైట్ చట్టం సెక్షన్ 63బి ప్రకారం నేరమే. అయినా మనకు దారి లేదా? మ్యాట్‌ల్యాబ్ బదులు ఆక్టేవ్, ఫోటోషాప్ బదులు గింప్ ఉచితంగానే దొరుకుతాయి.

ఇక చట్టం దాకా వెళ్ళని విషయాలు. నా దృష్టిలో అనుమతికి ఒక కొలత ఉంటుంది. అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేయమని పాస్‌వర్డ్ ఇచ్చిన ఫ్రెండ్, తన ఫోటోలు చూడమని ఇవ్వలేదు. గ్రూప్‌లో నలుగురి మధ్య పెట్టిన మాట, స్క్రీన్‌షాట్ తీసి నలభై మందికి పంపమని పెట్టింది కాదు. ఇలాంటివాటికి చాలాసార్లు కేసు ఉండదు. కానీ ఆ అమ్మాయో అబ్బాయో మళ్ళీ ఎవరినీ నమ్మలేకపోవచ్చు. ఆ నష్టానికి ఏ సెక్షన్ కిందా పరిహారం రాదు.

మరి కాలేజీ సైట్‌లో లోపం కనిపిస్తే? అక్కడే ఆగండి. ప్రూఫ్ కోసమని అందరి మార్కులూ డౌన్‌లోడ్ చేయకండి. ఏ పేజీలో, ఏం చేస్తే కనిపించిందో రాసి సిస్టమ్ అడ్మిన్‌కి ఇవ్వండి. బయట వాడే సాఫ్ట్‌వేర్‌లో అయితే తయారుచేసిన కంపెనీకి చెప్పొచ్చు. సెర్ట్-ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ కూడా ఇలాంటి సమాచారం తీసుకుంటుంది.

పక్క సిస్టమ్‌లో ఎవరి మెయిలో తెరిచి ఉంటే చేయాల్సింది ఒక్కటే. చదవకుండా లాగౌట్ నొక్కడం. దానికి రెండు సెకన్లు చాలు.