చేలో ఇంటికి ఎంత కరెంటు కావాలి?

అద్దంకి చుట్టుపక్కల మిరప చేలు ఎక్కువ. కాయ కోశాక కల్లంలో ఆరబోస్తాం. రాత్రిళ్లు కాపలా ఉండాలి. కొందరు చేలోనే ఇల్లు వేసుకుని ఉంటారు. కరెంటు లైను లేని చోట చీకట్లో పాము భయం, తేలు భయం. అలాంటి ఇంటికి సోలార్ కరెంటు పనికొస్తుంది.

ఎంత సోలార్ పలక కొనాలి? చిన్నది కొంటే నడిరాత్రి దీపం ఆరిపోతుంది. పెద్దది కొంటే అప్పు పెరుగుతుంది. అందుకే కొట్టుకు పోయే ముందే మన లెక్క మనం వేసుకోవాలి.

కూలి లెక్క లాంటిదే

10 మంది 3 రోజులు కాయ కోశారు. 10ని 3తో గుణిస్తే 30. అంటే 30 కూలీలు ఇవ్వాలి. కరెంటు లెక్కా అంతే. బల్బు పెట్టె మీద, ఫ్యాను పెట్టె మీద వాట్లు ఎన్నో అచ్చు వేసి ఉంటాయి. ఆ వాట్లను, అది వెలిగే గంటలతో గుణించాలి. వచ్చినవి వాట్ గంటలు. 1000 వాట్ గంటలు అయితే 1 యూనిట్.

ఒక ఇంటి లెక్క చూద్దాం. ఇవి 12 వోల్టుల సోలార్ బల్బులు, ఫ్యాను.

2 బల్బులు, ఒక్కోటి 9 వాట్లు, 5 గంటలు: 90
1 ఫ్యాను, 30 వాట్లు, 8 గంటలు: 240
2 సెల్ ఫోన్లు, ఒక్కోటి 5 వాట్లు, 2 గంటలు: 20
మొత్తం: 350 వాట్ గంటలు

మిర్చి అమ్మితే తరుగు పోతుంది కదా! బ్యాటరీలోనూ కొంత కరెంటు తరుగు పోతుంది. అందుకు పావు వంతు కలుపుకోవాలి. 350కి సుమారు 90 కలిపితే 440.

పలక, బ్యాటరీ

రోజుకు 4 గంటలు నిండు ఎండ అని లెక్క వేసుకోవడం మేలు. 440ని 4తో భాగిస్తే 110. పలక 110 వాట్లకు తగ్గకూడదు.

12 వోల్టుల బ్యాటరీ మీద 100 ఆంపియర్ అవర్లు అని ఉంటే, 12ను 100తో గుణించండి. 1200 వాట్ గంటలు. నీళ్లు పోసే బ్యాటరీలో సగమే వాడుకోవాలి. అంతా ఊడ్చేస్తే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. సగం అంటే 600. ఒక రాత్రికి సరిపోయి, ఇంకొంత మిగులుతుంది.

ముసురు పడితే?

పైలెక్క మళ్లీ చూడండి. ఎక్కువ తినేది ఫ్యానే. ముసురు రోజుల్లో ఫ్యాను ఆపేస్తే బల్బులకు, ఫోన్లకు 110 చాలు. తరుగు కలిపితే సుమారు 140. నిండిన బ్యాటరీ 4 రాత్రులు వస్తుంది.

మామూలు సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తింటుంది. అది 8 గంటలు తిరిగితే 600. అప్పుడు మొత్తం 710 అవుతుంది. పలక, బ్యాటరీ రెండింతలు కావాలి. కాబట్టి ముందు ఫ్యాను చూసి కొనాలి. 5 హార్స్ పవర్ మోటారుకు సుమారు 3,700 వాట్లు కావాలి. ఇంటి పలకతో అది నడవదు.

కొట్టులో ఇలా అడగండి

"అన్నా, పలక ఎన్ని వాట్లు? బ్యాటరీ ఎన్ని ఆంపియర్ అవర్లు? గ్యారంటీ ఎన్నేళ్లు? కాగితం మీద రాసివ్వు."

పలక వెనక చీటీ ఉంటుంది. వాట్లు మీరే చదివి చూసుకోండి. రాసిచ్చిన కాగితం కూడా చదివాకే డబ్బు ఇవ్వండి.

పలకను దక్షిణం వైపు వాల్చి పెట్టించండి. చెట్టు నీడ పడకూడదు. దుమ్ము పడితే పొద్దున్నే, పలక చల్లగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడవండి.

మీరు చెయ్యండి

1. ఒక ఇంట్లో 9 వాట్ల బల్బులు 3 ఉన్నాయి. రోజూ 4 గంటలు వెలుగుతాయి. ఎన్ని వాట్ గంటలు?
2. తరుగు కింద పావు వంతు కలపండి. ఎంత?
3. మీ ఇంట్లో ఏవేవి, ఎన్ని గంటలు వాడతారు? పలక మీద రాసి, మొత్తం కట్టండి.

(జవాబులు: 1. 108  2. 135)